మొత్సమాయి కోడలు

"మగవాళ్లెవరూ లేరా?" గుర్రం దిగుతూనే అడిగాడు ఖబేలే.

"పశువులతో పై మేతకి వెళ్లారు, న్తాతే. మళ్లీ చలి మొదలైతేనే దిగడం," మర్యాదగా అంది లినేఓ, అమ్మ పెట్టెలోంచి పొద్దున్నే తీసిన కంబళిని ఇక్కడి కోడళ్ల తీరున గుండెల మీద పిన్నుతో బిగించుకుంటూ. దాని మడతలింకా పోలేదు.

ఖబేలే రాజధాని మసేరు నుంచి వచ్చాడు. లెసోతో కొండదారుల్లో యాత్రికుల ప్రాణానికి ఎక్కడ ఎంత ముప్పుందో తేల్చి, కాగితం మీద రంగు వేయడం ఆయన పని. పచ్చ వేస్తే జనం వస్తారు. ఎరుపు వేస్తే లినేఓ నడిపే ఆరు మంచాల బసకు తాళమే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ పూట మొక్కజొన్న ముద్ద పక్కన ఆకుకూరతో పాటు కోడి కూడా చేరింది.

కోడి పని అయ్యాక ఆయన కాగితం తీశాడు.

"దొంగలు?"

"ఎత్తుకుపోవడానికి ఇక్కడేముంది న్తాతే, చలి తప్ప?"

"ఆసుపత్రి?"

"గుర్రమ్మీద ఒక పూట. గుర్రం మంచిదైతే."

"ఇక అసలు సంగతి. పైన ఆ కొండచరియ దారి. కిందటి ఆగస్టులో ఇద్దరు పరదేశులు ఎక్కడా పేరు రాయించుకోకుండా ఎక్కారట. వాళ్లేమయ్యారమ్మా?"

లినేఓ నోరు తెరిచి, చప్పున కంబళి అంచు అడ్డం పెట్టుకుంది.

"ఆ మాట నేననకూడదు."

"ఏం?"

"అందులో మా మామగారి పేరుంది."

ఖబేలే ముఖం వెలిగిపోయింది. పాత ఆచారం ప్రకారం మామగారి పేరే కాదు, ఆ పేరు తగిలే మాట కూడా కోడలి నోట రాకూడదు. ఆయన తల్లి నలభై ఏళ్లు అలాగే బతికింది.

"మా తాత పేరులో నీళ్లుండేవి. దాహమేసినా మా అమ్మ సైగే చేసేది, పాపం! ఈకాలం పిల్లలు మామని పేరు పెట్టి పిలుస్తున్నారు. సరే, నేనంటాను, నువ్వు తలూపు."

"తలూపితే అన్నట్టే కదా, న్తాతే."

"శభాష్!" పొడుపుకథ విప్పేవాడిలా ఆయన కళ్లు మూసుకున్నాడు. "పడిపోవడం... ఛ, బిడ్డకి ఆ పేరెవరు పెడతారు? తప్పిపోవడం... కాదు. ఆఁ! మొత్సమాయి! వెళ్లేవాడు! మీ మామగారి పేరు మొత్సమాయి. అంటే వాళ్లు వెళ్లిపోయారు!"

లినేఓ నేలచూపులు చూసింది.

'ఇద్దరూ క్షేమంగా అవతలికి వెళ్లిపోయారు' అని రాసి, గడిని పచ్చ పెన్సిలుతో నింపి, ఒక నకలు ఆమె చేతిలో పెట్టాడు ఖబేలే.

"శనివారం వచ్చే మొదటి జట్టులో మా అమ్మాయీ ఉంది. కొత్తగా పెళ్లయింది. నిన్ను చూసి నాలుగు మంచి ముక్కలు నేర్చుకుంటుంది."

టీ పోస్తున్న లినేఓ చెయ్యి ఆగింది.

"గుర్రమెక్కడం వచ్చా అమ్మాయికి?"

"ఎక్కడిది! మసేరు పిల్ల."

"అయితే నల్లదాన్నిస్తాను. ఆ చరియ దానికి కొట్టిన పిండి. వీపు మీద ఎవరూ లేకపోయినా ఇంటికొచ్చేస్తుంది. ఆగస్టులో కూడా..." కంబళి అంచు మళ్లీ నోటికి చేరింది.

ఖబేలే పడీపడీ నవ్వాడు. "మామగారు మళ్లీ అడ్డొచ్చారా! చల్లగా ఉండు తల్లీ."

ఆయన గుర్రం మలుపు తిరిగేదాకా లినేఓ తలవంచుకునే నిలబడింది. తర్వాత లోపలికొచ్చి పచ్చ కాగితాన్ని గోడకి అంటించింది. కంబళి విప్పి, పాత మడతల మీదే మడిచి, అమ్మ పెట్టెలో పెట్టేసింది. శనివారానికి ఆరు పరుపులూ దులపాలి.

లినేఓకి అసలు పెళ్లే కాలేదు.