పద్దెనిమిదిన్నర

డయాలసిస్ సెంటర్లో భర్త త్రాసు దిగకముందే ఆమె సెల్‌ఫోన్లో ఎత్తూ బరువూ కొట్టి లెక్క చూసుకుంది.

"బీఎంఐ పద్దెనిమిదిన్నర దాటింది సిస్టర్! అంతకొస్తే కిడ్నీ మారుస్తామన్నారుగా డాక్టరుగారు. నా వంట ఊరికే పోలేదు."

అతను నేల చూశాడు.

"డయాలసిస్ అయ్యాక మళ్లీ తూస్తానక్కా. అదే లెక్క," అంది నర్సు.

మధ్యాహ్నం అతను నాలుగు కిలోలు తగ్గాడు.

"త్రాసు పాడైందా?"

"లేదక్కా. పొద్దున తూగింది ఒంట్లో నిలిచిన నీళ్లు. కండేదో నీరేదో బీఎంఐకి తెలీదు."

ఆమె భర్తవైపు తిరిగింది. "బుగ్గలొచ్చాయని ఊరంతా చెప్పుకున్నానయ్యా. అది నీరని నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నువ్వు నవ్వి చాలా రోజులైంది, అందుకే చెప్పలేదు."

ఆమె వంగి అతని చెప్పులు తొడిగింది. పొద్దున పాదానికి చాలని పట్టీ ఇప్పుడు చివరి రంధ్రంలో పెట్టినా వదులుగానే ఉంది.