తుదోర్ పేర నీళ్లు

"మళ్లీ వచ్చావా? కేసు గెలిచావు కదమ్మా, ఇంకేం కావాలి నీకు?" పోలీస్ స్టేషన్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు అధికారి గ్రోసు.

అగాఫియా నీళ్ల బకెట్టు కింద పెట్టి నడుం పట్టుకుంది.

"కావాల్సిందేం లేదు నాయనా. మా తుదోర్ పేర నీళ్లు పోస్తున్నాను."

ఆ ఊళ్లో అందరూ ఎరిగిన ఆచారమే. పోయినవాడికి అవతల దాహం వేయకుండా ఇంటివాళ్లు నలభై రోజులు నీళ్లు మోసి, నలుగురి చేతా తాగిస్తారు.

"నీ కొడుకు పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"అప్పుడు తీరికెక్కడిది? కోర్టుల చుట్టూ తిరగడమే సరిపోయె. తీర్పొచ్చాకే పోస్తానని ఒట్టుపెట్టుకున్నాను."

తీర్పయితే వచ్చింది. తుదోర్ చావులో తప్పు ప్రభుత్వానిదేనని స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు తేల్చింది. పరిహారం ఇమ్మంది, మళ్లీ విచారణ జరపమంది. పరిహారం ఇచ్చారు. విచారణ మాత్రం మొదలుపెట్టినంత వేగంగానే మూసేశారు. రోడ్డు పక్కన దొరికిన శవాన్నే మోసుకొచ్చామని స్టేషనంతా ఒకే మాట మీద నిలబడింది మరి! అంత పెద్ద కోర్టూ దేశాన్ని దోషి అనగలిగింది గానీ, ఫలానా మనిషి అని వేలెత్తి చూపలేకపోయింది. ఆ ఒక్క పేరు కోసమే తల్లి ప్రాణం కొట్టుకుంటోంది.

"ఇలా తే, తాగేస్తే పీడ వదులుతుంది." గ్రోసు ఆమె చేతిలోని కప్పు లాక్కుని, బకెట్లో ముంచి గటగటా తాగాడు. "దేవుడు తుదోర్‌ని మన్నించుగాక!"

నీళ్లు తాగినవాళ్లు అనాల్సిన మాట అది. ఏమాత్రం తడబడకుండా అనేశాడు. బల్లల దగ్గరున్న మిగతావాళ్లూ లేచి వచ్చి తాగారు, అదే మాట అన్నారు. అగాఫియా ఒక్కొక్కరి ముఖంలోకీ చూసింది. ఏ ముఖంలోనూ ఏమీ లేదు.

ఇక మిగిలింది లాకప్ కాపలాదారు పాంతెలేయ్. తలంతా నెరిసిన మనిషి. కప్పు అందుకున్నాడు గానీ అది నోటిదాకా పోవడం లేదు.

"తాగవయ్యా, మా బావి నీళ్లే," అంది అగాఫియా మెల్లగా.

"తాగి పంపించవోయ్!" గ్రోసు కసిరాడు. "ఉత్త నీళ్లేగా, దానికింత ఆలోచనేమిటి?"

పాంతెలేయ్ కప్పు తెచ్చి అతని ముందు పెట్టాడు.

"ఉత్త నీళ్లే సార్. ఆ రాత్రి తెల్లారేదాకా కటకటాల్లోంచి ఆ కుర్రాడు అడిగినవీ ఇవే. ఇవ్వొద్దన్నది మీరేగా!"