వెనక సీటు

తమ్ముడూ, నీ మోకాలు ఎలా ఉంది? మరదలికి ఆయాసం తగ్గిందా? చంటిదానికి జ్వరం మళ్లీ రాలేదు కదా?

ఉత్తరానికి పోయేకొద్దీ చలి ఎక్కువైంది. నిన్న నడుం పట్టేసిందని పెట్రోలు బంకు దగ్గర దిగి కూర్చున్నాను. మీ బావగారు డేరా మూటతో మోటారుసైకిలెక్కి నన్నొదిలేసి వెళ్లిపోయారు. వేళాకోళమనుకున్నాను. గంటకు తిరిగొచ్చారు.

"అమ్మా, మా ఆవిడ ఇక్కడే దిగింది. చూశారా?" అని నన్నే అడిగారు.

"ముందుకెళ్లిందండీ. నన్నెక్కించుకుంటే చూపిస్తాను" అన్నాను.

"తొందరగా ఎక్కండి. అది వట్టి పిరికిది. నేను కనబడకపోతే ఏడుస్తుంది" అన్నారు. దారంతా నాకు నా గురించే చెప్పారు.

మేం రాగానే బండి తాళం తీసి దాచెయ్యి. పద్నాలుగో తారీఖు, ఆదివారం పొద్దున్నే వస్తాం.