ఏడో ముల్లు

“ముందు చేదు,” అంది హోటలామె, డ్రైవరు కంచంలో కాకరకాయ వేపుడు వేస్తూ. “పెళ్ళికొడుకు గారు మొహం చిట్లించకూడదు.”

డ్రైవరు చిట్లించలేదు. నమలకుండా మింగాడు.

ఎదురుగా టైలరు కూర్చున్నాడు. మెడలో టేపు తీయకుండానే వచ్చాడు. డ్రైవర్ని పైనుంచి కిందికి చూశాడు. కొలతలు తీసుకున్నట్టు కాదు, చిరుగు వెతికినట్టు.

అది బెంగాలీ భోజన హోటలు. నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు, ఒక ఫ్యాను. ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి ఎప్పుడూ పక్క బల్లకే పోతుంది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళు సముద్రం చూసి, ఎండకి మాడి, ఇక్కడికొచ్చి పడతారు. ఆ రోజు పక్క బల్ల దగ్గర అలాంటాయనొకడు పప్పుకి ఫొటో తీస్తున్నాడు. పప్పుని నవ్వమనడం ఒక్కటే తక్కువ.

వీళ్ళ బల్ల దగ్గర సంగతి వేరు. ఇక్కడ పెళ్ళి తేలాలి.

పెళ్ళికూతురు రోజూ డ్రైవరు బస్సే ఎక్కేది. మూడో సీటు. లోపలి అద్దంలో దిగేవాళ్ళని చూడాల్సిన డ్రైవరు మూడో సీటే చూస్తూ పోయాడు. ఏడాదిలో బస్సు రెండుసార్లు స్తంభానికి తగిలింది. రెండోసారి ఆమె నవ్వింది. దాంతో డ్రైవరు పని అయిపోయింది.

ఆమె సరేనంది. కానీ ఆ ఇంట్లో మగదిక్కు టైలరొక్కడే. అతను ఊఁ అంటేనే పెళ్ళి. కాదంటే ఆ బస్సెక్కడం కూడా మానేస్తానంది.

టైలరు పెట్టిన పరీక్ష ఒక్కటే. “మాది బెంగాలీ ఇల్లు. రోజూ చేప ఉండాల్సిందే. ముళ్ళు తీసుకోవడం రాని మనిషి మా ఇంట్లో ఏం తింటాడు? భోజనానికి రండి, చూస్తాను” అన్నాడు.

డ్రైవరు పొద్దున్నే గడ్డం గీయించుకున్నాడు. కొత్త తెల్ల చొక్కా వేసుకున్నాడు. చెమటకి కాలరు మీద నల్లటి మరక పడింది. అది కనపడకుండా మెడ బిగబట్టి కూర్చున్నాడు.

“ఇప్పుడు పప్పు. ఆ తర్వాత కూర,” అంది హోటలామె. “ఒకటయ్యాకే ఒకటి. కలపకూడదు.”

డ్రైవరు కలిపేశాడు. దారిలో బస్సు ఆగేది ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో తిని లేవడం అలవాటైన చెయ్యి అది. మిగిలిన చేదు, పప్పు, కూర, అన్నం, అన్నిటినీ ఒకే ముద్దలో ఎక్కించేశాడు.

“అది భోజనమా అండీ, సెలవురోజు బస్సా?” అన్నాడు టైలరు.

“అలవాటండీ. మానుకుంటాను.”

“చూద్దాం.”

చేప వచ్చింది. ఆవముద్ద పట్టించిన పులుసులో పచ్చగా మెరుస్తోంది. పక్క బల్లాయన మెడ సాచి దానికీ ఒక ఫొటో తీశాడు.

“ఇందులో ఎన్ని ముళ్ళుంటాయమ్మా?” అని అడిగాడు డ్రైవరు.

“ఆ చేపనే అడగండి,” అంది హోటలామె. “వేలితో వెతుక్కోవాలి. కంటికి దొరకవు.”

డ్రైవరు వెతికాడు. మొదటి ముక్కలోంచి ఆరు ముళ్ళు తీసి కంచం అంచున వరసగా పేర్చాడు. టైలరు కనుబొమలు లేచాయి. డ్రైవరుకి ధైర్యం వచ్చింది. ధైర్యంతో పాటు స్పీడూ వచ్చింది. రెండో ముక్క అలాగే నోట్లో వేసుకుని మింగేశాడు.

ఏడో ముల్లు గొంతులో నిలబడింది.

డ్రైవరు కదల్లేదు. దగ్గితే పెళ్ళి పోతుంది. చెంబెడు నీళ్ళు తాగాడు. ముల్లు దాహం తీరింది గానీ అది చోటు మారలేదు.

సరిగ్గా అప్పుడే టైలరు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“తాగుతారా?”

డ్రైవరు తల అడ్డంగా ఊపాడు.

“మా మనిషికి కోపం ఎక్కువండీ. దాచి లాభం లేదు. చిర్రెత్తితే గరిటె విసురుతుంది. తప్పుకోవడం నాకు అలవాటే, మీకు కొత్త. అప్పుడేం చేస్తారు?”

డ్రైవరు నోరు తెరవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఎదురు చెప్పరా?”

తల అడ్డంగా ఊగింది.

“అలిగి వెళ్ళిపోరు కదా?”

మళ్ళీ ఊగింది. ఈసారి ఒక కన్నీటి చుక్క పులుసులో పడింది.

హోటలామె అన్నం గిన్నెతో వచ్చింది. డ్రైవరు మొహం చూసింది. వంకాయ రంగులో ఉంది. ఉత్త అన్నం ఇంత ముద్ద చేసి అతని చేతిలో పెట్టి, “నమలొద్దు” అని గొణిగింది. డ్రైవరు మింగాడు. ఇంకో ముద్ద మింగాడు. ముల్లు దిగిపోయింది.

ఇదేమీ టైలరు పట్టించుకోలేదు. అప్పటికే మెత్తబడిపోయాడు.

“మీరింత నెమ్మదస్తులనుకోలేదండీ. బస్సు డ్రైవర్లంటే హారను కంటే గట్టిగా అరుస్తారనుకున్నాను. ఈ ఓర్పు చాలు. నాకు సమ్మతమే.”

ఊరుకుంటే పెళ్ళి ఖాయం. డ్రైవరు చొక్కా అంచు నలిపాడు. ఊరుకోలేకపోయాడు.

“నేను నెమ్మదస్తుణ్ణి కాదండీ. గొంతులో ముల్లు ఇరుక్కుంది. అందుకే మాట రాలేదు. గరిటె విసిరితే నేనూ అరుస్తాను.” కాస్త ఆగాడు. “ముందు వంగుతాననుకోండి. తర్వాత అరుస్తాను.”

“దిగిన ముల్లుని చేజేతులా పైకి లాక్కున్నాడు,” అని హోటలామె నెత్తి కొట్టుకుంది.

పక్క బల్లాయన ఫోను దించి చూస్తున్నాడు.

టైలరు గిన్నెలోంచి ఇంకో చేప ముక్క తీశాడు. ఒక్కో ముల్లూ ఓపిగ్గా ఏరాడు. ముక్కని డ్రైవరు కంచంలో పెట్టాడు.

“ముళ్ళు తీయడం రేపట్నుంచి నేర్పిస్తాను. ఇవాళ్టికి ఇది తినండి. మెల్లగా.”

డ్రైవరు మెల్లగా తిన్నాడు. జీవితంలో మొదటిసారి.

టైలరు లేచి, చెయ్యి కడుక్కుని, ఫోను తీసి, “అమ్మా, నీ పెళ్ళి జాకెట్టు నీ కొడుకే కుడతాడు. ఏ రంగు బట్ట తీసుకోమంటావు?” అన్నాడు.