అచ్చిరాని పిల్ల

ఆ శనివారం సాయంత్రం ఘుగ్గుస్ గని కాలనీలోని ఆ క్వార్టర్‌లో ఆరుగురున్నారు. ముందు గదిలో టీవీ ఎదుట నలుగురు: బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళ సర్వీసున్న లచ్చయ్య, అతని కొడుకు సతీష్, సతీష్ దోస్తులు ప్రమోద్, ఆదర్శ్. వంటింట్లో లచ్చయ్య భార్య రాజక్క, మేనకోడలు అర్చన.

అర్చనది కోర్పనా దగ్గర పల్లె. పన్నెండో తరగతికి మామ ఇంటికొచ్చింది. మరునాడు పొద్దున తొమ్మిదింటికి చంద్రపూర్‌లో నర్సింగ్ ప్రవేశ పరీక్ష. ఇంకా రెండు పాఠాలు అలాగే ఉన్నాయి. సర్కారు సీటు రాకపోతే చదువు బంద్, పత్తి చేనుకు రావలసిందేనని నాన్న ముందే చెప్పేశాడు.

"మామా, ఈ ఒక్కరోజు చదువుకుంట" అని పొద్దుననే అడిగింది.

"చదువుకో బిడ్డా, ఎవలు వద్దన్నరు? నడుమ నడుమ చాయ్ తెచ్చుడుకు ఏమాయె?" అన్నాడు లచ్చయ్య. రాజక్కకు మోకాళ్ళ నొప్పులు. స్టూలు మీద కూర్చుని మిర్చీ బజ్జీలు వేయగలదు గాని, పళ్ళెం పట్టుకుని తిరగలేదు.

నడుమ నడుమ అంటే ఎన్నిసార్లో అర్చనకు తెలుసు. ఆగస్టు నుంచి మోస్తూనే ఉంది. ఒకనాడు ఇంగ్లండ్, ఒకనాడు స్పెయిన్, ఒకనాడు ఇటలీ. అక్కడెవరో బంతి తన్నితే ఇక్కడ చాయ్ మరగాలి. ఇవాళ జర్మనీ లీగ్ ఆఖరి రోజు. సతీష్ జట్టు ఓడకపోతే చాలు, కప్పు దానిదే. ప్రమోద్ జట్టు ఓడితే కింది లీగ్‌కు పడిపోతుంది. ఒక ఆట టీవీలో, ఇంకోటి ల్యాప్‌టాప్‌లో. రెండూ ఆదర్శ్ ఎక్కడి నుంచో పట్టుకొచ్చిన ఫోకట్ సైట్లలో.

"ఈసారి కప్పు మనం కొడుతున్నం" అన్నాడు సతీష్.

మనం! ఐటీఐ రెండుసార్లు తప్పినవాడు.

"మనం కింద పడొద్దు దేవా" అని దండం పెట్టుకున్నాడు ప్రమోద్. రెండో అంతస్తు ఎక్కి వచ్చి పావుగంట ఒగర్చినవాడు. ఈ నలుగురినీ వరసగా గోల్ ముందు నిలబెడితే కీపర్ అక్కర్లేదు, పొట్టలే ఆపేస్తాయి అనుకుంది అర్చన.

ఆట మొదలవుతుండగా సతీష్ నలుగురి ఫోన్లూ స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఎవడో మెసేజ్ పెట్టి మజా చెడగొడతాడట.

మొదట సతీష్ జట్టే గోల్ కొట్టింది. ఆ అరుపులకు వంటింట్లో గిన్నెలు కదిలాయి.

అరగంటకు అర్చన చాయ్ పట్టుకెళ్ళింది. కప్పులు అందించి గోడవారగా నిలబడింది. అంతలో అవతలి జట్టు గోల్ కొట్టేసింది.

"గోల్ పడ్డది గద బావా, మంచిదే గద?" అంది.

"మంచిదా? మన మీద పడ్డదే పిల్లా! ఊరి బళ్ళె చదివితే గిట్లనే ఉంటది. ఏం ఎర్క లేదు, ఏం లేదు. కప్పులు పెట్టి పో."

పోయింది. పుస్తకం తెరిచి రెండు వాక్యాలు చదివిందో లేదో, "మిర్చీలేవే?" అని కేక.

పళ్ళెం పట్టుకుని గడప దాకా వెళ్ళి ఆగింది.

"చల్లారుతున్నయే, పో" అంది రాజక్క.

"పోతున్న అత్తా" అంటూనే ఇంకాసేపు నిలబడి లోపలికి వెళ్ళింది. ఈసారి ల్యాప్‌టాప్‌లో పడింది గోల్, ప్రమోద్ జట్టు మీద.

ప్రమోద్‌కు మిర్చీ గొంతులో అడ్డం పడింది. "ఈ పిల్ల రాంగనే అయితున్నదిరా!"

"నేనేం జేసిన అన్నా?"

ఆదర్శ్ బీఎస్సీ చదివాడు. "రెండుసార్లు వచ్చింది, రెండు గోల్స్. ఇది సైన్స్ యార్" అని తేల్చేశాడు.

లచ్చయ్య నవ్వలేదు. "ఊకె అంటలేరు వాళ్ళు. మా బాయిల లోపల ఎవడన్న ఈల ఏసిండనుకో, వాణ్ని ఆ పూట బయటికి పంపుతం. కొందరు అచ్చిరారు, అంతే."

ఒకరిది ముప్పై ఏళ్ళ అనుభవం, ఒకరిది డిగ్రీ. ఇద్దరూ కలిసి ఏ జర్మనీ వాడో చేసిన తప్పు తెచ్చి చాయ్ మోసే పిల్ల కాళ్ళకు కట్టారు. అర్చన తల వంచుకుని వచ్చేసింది.

"ఇగ పోకే ఆ గదిలకు" అంది రాజక్క జాలిగా.

"నీళ్ళడిగిండ్రు అత్తా."

"ఎప్పుడడిగిండ్రు?"

"అన్ని మిర్చీలు తిన్నరు, అడగరా మరి?"

ఆట చివరికొచ్చింది. టీవీలో స్కోరు సమానం. ఇంకో ఐదు నిమిషాలు గడిస్తే కప్పే. సరిగ్గా అప్పుడే అర్చన నీళ్ళ జగ్గుతో లోపల అడుగు పెట్టింది.

"వద్దు! రాకు!" సతీష్ అరిచాడు.

"నీళ్ళు బావా..."

బంతి వలలో పడింది. 'మన' వలలో.

సతీష్ లేచాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. "ఇయ్యాల్టి సంది మ్యాచ్ ఉన్ననాడు నాకు కనవడ్డవో చూడు! చాయ్ మేమే తెచ్చుకుంటం, మిర్చీలు మేమే తెచ్చుకుంటం. పో, ఎనుక గదిల పడుండు!"

"వచ్చే వారం ఇంగ్లండ్‌ది ఉన్నదిరా" అని గుర్తుచేశాడు ప్రమోద్.

"అప్పుడు గూడ రావద్దు!"

అర్చన మామ వైపు చూసింది.

"పో బిడ్డా. నీ నసీబే అంత" అన్నాడు లచ్చయ్య, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే.

సతీష్ ఆమె మొహం మీదే ధడేలున వెనుక గది తలుపు వేశాక, ఆ ఫోకట్ సైట్ల కన్నా రెండు నిమిషాలు ముందే ప్రతి గోల్ సంగతీ చెప్పేస్తూ వచ్చిన, డబ్బాలో వేయమని ఎవరూ అడగని తన ఫోన్‌ను అర్చన ఆపేసింది.