ఆవుల్ని చూసి ఏడ్చిన లీలారాణి

“తీసెయ్, ఆవిడ నీతో ఆటలాడుతోంది” అన్నాడు చక్రధర్, భార్య లాప్‌టాప్‌లోకి తొంగిచూసి.

మైథిలి వేలు డిలీట్ మీదే ఆగిపోయింది. కోవిడ్ దెబ్బకి టాలట్‌లోని యూనివర్సిటీలో ల్యాబు మూతపడ్డాక ఆమె పరిశోధన సిటీవెస్ట్ ఫ్లాట్‌లోని వంటింటి బల్ల మీదకి చేరింది. మనుషుల్లో సంతోషం, దిగులు, భయం పుట్టించడానికి శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి పోగేసిన బొమ్మలు, శబ్దాలు, వీడియోల భాండాగారం ఒకటుంది. ఏది ఎంత కదిలిస్తుందో వేలమంది చేత మార్కులు వేయించి మరీ భద్రపరిచారు. ఆ ఓపిక తలుచుకుంటే మైథిలికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అందులోంచి ఇరవై వీడియోలు ఏరి, లింకు పంపి, ముప్పైమంది చేత ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కులు వేయించాలి. ఒకరు ఒక్కసారే మార్కులు వేయాలన్నది నియమం. ముప్పయ్యో మనిషిగా లీలారాణి ఆంటీ దొరికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. శుక్రవారానికి ముప్పై లేకపోతే ఆర్నెల్ల కష్టం మళ్ళీ మొదటికొస్తుంది.

తీరా చూస్తే ఆంటీ పేరు మీద ఇరవై మూడుసార్లు మార్కులు వేసి ఉన్నాయి.

లీలారాణి ముసలివాళ్ళుండే నర్సింగ్ హోములో కేరర్, వాళ్ళ మంచీచెడ్డా చూసుకుంటుంది. అడిగినవాళ్ళకి కాదనడం తెలియని మనిషి. లింకు తెరిచింది రోజూ మధ్యాహ్నం మూడింటికే. అది బంధువులు పలకరించడానికొచ్చే వేళ. కోవిడ్‌తో రాకపోకలు ఆపేశారు కాబట్టి ఆ గంట ఆవిడకి ఖాళీ అయివుంటుందని మైథిలి అనుకుంది.

మార్కులు చూస్తే మాత్రం మతిపోతోంది. పచ్చికలో ఆవులు మేసే వీడియోకి సోమవారం తొమ్మిది, మంగళవారం ఒకటి. సముద్రపు హోరు విని ఒకరోజు నవ్వొచ్చిందని రాసింది, ఇంకోరోజు ఏడుపొచ్చిందని రాసింది. పసిపాప నవ్వునైతే ఒకే పూట పదకొండుసార్లు వేసుకుంది.

మైథిలికి కోపం రాలేదు, బెంగ పట్టుకుంది. ఏడాదిగా కళ్ళెదుట చావులు చూస్తూ కూడా డ్యూటీ ఎగ్గొట్టని మనిషి, మనసు చెదిరిందేమో. తీసేసేముందు ఫోన్ చేసింది.

లీలారాణి డ్యూటీ దిగి లూవాస్ ట్రామ్‌లో ఉంది. ఎలా ఉన్నారంటే ఐరిష్‌వాళ్ళ తీరులో ‘గ్రాండ్’ అంది, బాగానే ఉన్నానని.

“ఏమీ అనుకోకండి ఆంటీ. అవే ఆవుల్ని చూసి ఒకరోజు నవ్వారు, ఒకరోజు ఏడ్చారు. ఒకసారి జీపీ డాక్టరుకి చూపించుకుంటారా?” అంది మైథిలి.

లీలారాణి ట్రామ్ చప్పుడు మించేలా గొంతు పెంచింది.

“ఒకరు ఒక్కసారే మార్కులు వేయాలన్నావు కదమ్మా. నేనా మాట తప్పలేదు.”

“మరి ఇరవై మూడుసార్లు ఎలా వచ్చింది ఆంటీ?”

“మొదటిసారి నేను, ఆ తర్వాత మా హోములో మంచానికొకరు.”