ఎవరూ తీయని పాట

కాలేజీ ప్రాజెక్టుకు ఝాన్సీ ఒక పాట వీడియో తీయాలి. ఇంతవరకు ఎవరూ తీయనిదైతేనే పాసు. కానీ ఆమె ఏ ఆలోచన చెప్పినా గోడమీది తెర "ఇది ఇదివరకే ఉంది" అని ఆ వీడియోనే వేసి చూపిస్తోంది. మనిషికి తట్టబోయేవన్నీ యంత్రాలు ముందే తీసిపెట్టేస్తున్నాయి మరి.

చివరికి, ఇల్లు దాటనిదొకటి చెప్పింది. పోయిన తాత అనకాపల్లిలో బెల్లం వండుతూ, తెడ్డుతో పెనం అంచున తాళం వేస్తూ తీసే కూనిరాగం.

తెర మీద తాత కనిపించాడు. అదే తెడ్డు, అదే రాగం.

ఝాన్సీ పిలిచింది. "అమ్మా, ఇది చూసేవా?"

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "రోజూ సూత్తన్నానే. మా నానకన్నా ఈయనే బాగా పాడతన్నాడు."